దిగువ వీధి మాతృభాష

మా పాప పుట్టడానికి ముందు సంవత్సరం, జూన్ నెలలో, తమిళనాడులో ధర్మపురి పక్కన ఒక ఊరికి భాషా సర్వే గణకురాలిగా నన్ను వేశారు. తాత్కాలిక ఉద్యోగం. పాప పుట్టాక మళ్లీ చేరలేదు. గణకురాలు ఇల్లిల్లూ తిరిగి ఫారం నింపాలి. పైన ఉండే సూపర్‌వైజర్ కొన్ని ఇళ్లు మళ్లీ తిరిగి సరిచూస్తారు. మాతృభాష గడిలో ఇంటి పెద్ద చెప్పిందే అందరికీ రాయకూడదు. ఎవరిది వాళ్లనే అడగాలి. చిన్నపిల్లల తరఫున తల్లి చెప్పాలి.

ఆ ఊరి బడిలో తెలుగు చెప్పే అయ్యవారు ఒక్కరే. తెలుగు పిల్లలు చాలినంతమంది లేరని ఈ సర్వేలో తేలితే ఆయనను వేరే ఊరికి మార్చేస్తారు.

మొదటి రోజు ఊరి పెద్ద రైతు, వరసకు నాకు పెదనాన్న, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఊరి వివరాలన్నీ చెప్పేశారు. కట్టడం పనికి పోయే దిగువ వీధి సంగతి అడిగితే, "వాళ్లకు తెలుగేంది పాపా? అరవం అని రాసుకో" అన్నారు. మా ఇంట్లోనూ ఆ మాటే విని పెరిగాను. ఆ వీధి ఫారాలన్నిటిలో పెన్సిల్‌తో తమిళం అని రాసేశాను. నిబంధన తెలిసి చేసిన తప్పు అది.

మర్నాడు సంతకాలకు ఆ వీధికి వెళితే, పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న మునెమ్మ, ఏం రాసినావని అడిగింది. చెప్పాను.

"ఎవురు చెప్పినారు?"

పెదనాన్న అన్నాను.

"ఆయప్ప మా ఇంట్లోకి ఎప్పుడు వచ్చినాడు, మా మాట వినేకి?"

నేను తమిళంలో అడుగుతున్నాను, ఆమె తెలుగులో జవాబిస్తోంది. అప్పటిదాకా అది నా చెవికి ఎక్కనేలేదు.

రాసినవన్నీ చెరిపి, ప్రతి మనిషినీ విడిగా అడిగాను. దాదాపు అందరూ తెలుగనే అన్నారు. కాలేజీలో చదివే మునెమ్మ కొడుకు మాత్రం తనది తమిళమే అన్నాడు. "వాని ఇష్టం, అట్లే రాయి" అంది తల్లి. రాశాను.

మూడో రోజు బడిలో లెక్క తేలింది. పెదనాన్న వాళ్లుండే ఎగువ వీధి పిల్లలు ఎక్కువమంది టౌనులో ఇంగ్లీషు బడికి పోతారు. మిగిలినవాళ్ల లెక్కతోనే అయితే అయ్యవారు నిలవరు. పెదనాన్న నా బల్ల దగ్గరికి వచ్చారు.

"దిగువ వీధిని కూడా తెలుగులో చేర్చు పాపా. వాళ్లూ మనోళ్లే గదా."

లెక్క తెలుసుకుందామని వచ్చిన మునెమ్మ అక్కడే ఉంది. "మొన్న కాదంటివే పెద్దాయనా. రెండు దినాల్లో ఎట్లయితిమి?"

అక్కడున్న అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, "అయ్యవారు పోకూడదు గదమ్మా" అన్నారు. మునెమ్మ కొడుకును కూడా తెలుగులో వేయమన్నారు. కుదరదన్నాను.

సూపర్‌వైజర్ ఆ వీధి మొత్తం తిరిగి సరిచూశారు. ఒక్క గడి కూడా మార్చలేదు. దిగువ వీధి పిల్లల లెక్కతో అయ్యవారు నిలిచారు. ఈ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

మా అవ్వ కాలంలో మనవాళ్లంటే ఒకే పంక్తిలో భోంచేసేవాళ్లు. పెదనాన్నకు ఆ హద్దు రెండు రోజుల్లో జరిగింది, అవసరం జరిపింది. అవసరం తీరితే వెనక్కీ జరగవచ్చు. రేపు మా పాపను ఎవరు ఎవరిలో కలుపుతారో, ఎవరిలోంచి తీసేస్తారో అన్న భయం నాకు లేకపోలేదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే: ఎవరు ఎవరో వాళ్లనే అడగాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి.