చెల్లెలికి పొయ్యని నీళ్ళు

అరబ్బు దేశంలోని అజ్మాన్‌లో మా అమ్మాయి ఇంటి పెరట్లో ప్రిమ్‌రోజ్ పూల కుండీలు నేనే చూసుకుంటాను. మొన్న నీళ్ళు పోయడం మరిచిపోతే మధ్యాహ్నానికి ఆకులన్నీ వాలిపోయాయి. మనవరాలు మగ్గుతో నీళ్ళు పోసి, కాసేపటికి "తాతా, లేచినయ్ చూడు!" అని చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం చెల్లెలు గుర్తొచ్చింది.

నా ఎనిమిదో ఏట చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. "సుక్క నీళ్ళు పొయ్యొద్దు, ఇంకా ఎక్కువైతయి" అని పెద్దలు తీర్పు చెప్పారు. ఎవరూ నీళ్ళు ఇవ్వకుండా అమ్మ నన్ను కాపలా పెట్టింది. వాకిట్లో వేసిన చెల్లెలి మంచం పక్కనే నేను బంతి మొక్కలకు చెంబుతో నీళ్ళు పోస్తుంటే, ఆ చప్పుడుకు అది కళ్ళు తెరిచింది.

"అన్నా, చెట్లకు పోస్తున్నవ్. నాకెందుకు పొయ్యవు?"

"తక్కువైనంక కడివెడు తాగుదువు, ఊకో."

దాన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. సాయంత్రానికి పోయింది.

ఆ పెద్దలకు ఆ వైద్యం ఎవడు నేర్పాడు? పెద్దయ్యాక ఈ దేశానికి పనికొచ్చి, ముసఫ్ఫా కూలీల క్యాంపులో సొంతంగా చదువు నేర్చుకున్నాక ఒక పాత పుస్తకంలో చూశాను. ఆ జబ్బుకు మొదటి మందు నీళ్ళేనట, కాస్త ఉప్పూ చక్కెరా కలిపి.

ఆ ఏడు సెలవుకు ఊరికి పోతే, అన్నం వడ్డిస్తూ అమ్మ చెల్లెలి ముచ్చట తీసింది.

"సుక్క నీళ్ళియ్యకుండ ఎంత మంచిగ చూసుకున్నం బిడ్డా! అయినా దక్కలే."

నేను అవునని తలూపాను.