కుడి చెంపమీద చుక్క

డెబ్బైల చివర, మా పాపకు ఆరేళ్లు నిండాక, కుడి చెంప కాస్త ఎత్తుగా కనిపించింది. "పంటి వాపు కావచ్చు" అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. లవంగ నూనె రాశాం. నొప్పే లేదని పాప చెబుతూనే ఉంది. ఏడాదిలో ఆ ఎత్తు కంటి కిందిదాకా పాకింది.

అంతకుముందు నా భార్య ఆదివారం పాపకు తలంటి, కాటుకతో ఆ కుడి చెంపమీదే దిష్టి చుక్క పెట్టేది. వాపు వచ్చాక మానేసింది. మేముండే మట్టెవాడలో మా పక్కింటి ముసలావిడను అందరం ఉర్దూలో పిన్ని అన్నట్టు ఖాలా అనేవాళ్లం. ఆవిడ ఒకసారి నా భార్యను అడిగింది.

"ఏం బిడ్డా, పిల్లకు చుక్క పెడ్తలేవు?"

"దీనికి ఎవల దిష్టి తగుల్తది ఖాలా!"

పాప అక్కడే ఉంది. "బడిల అందరు నన్నే చూస్తరు గదనే, మరి తగలదా?" అని నవ్వింది. ఖాలా నవ్వలేదు. పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

హైదరాబాద్ దవాఖానలో సర్జన్ ఎక్స్‌రే చూసి నెమ్మదిగా చెప్పారు. "క్యాన్సర్ కాదు. ఎముకే అదుపు తప్పి పెరుగుతోంది. చాలా అరుదు. కంటిని నొక్కుతోంది కాబట్టి ఆగలేం. నోటి లోపలినుంచి చెక్కేస్తాం, బయట మచ్చ పడదు. కానీ పిల్ల ఎదిగినన్నాళ్లూ మళ్లీ రావచ్చు."

"మళ్ల వస్తదా?" అని నా భార్య ఆ ఒక్క మాటే అడిగింది.

ఆపరేషన్ తర్వాత పాప చాలా రోజులు జావ మీదే ఉంది. ముఖం తేరుకున్నాక, మేం మరచిపోయిన చెంప మళ్లీ కనిపించింది. ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే నా భార్య కాటుక తీసింది. ఆ తర్వాత ఏ వారమూ మానలేదు.

"నేను పెద్దగైన, బడిల నవ్వుతరే!"

"నవ్వనియ్యి."

చుక్క ఒక సాకు అని నాకు తెలుసు. కాటుక వేలు ఎముకమీద ఒక్క క్షణం నొక్కి చూసేది. తర్వాత ఆమె నావైపు తల ఊపేది. అప్పుడు నేను పేపరు తెరిచేవాణ్ణి.

మరుసటి వానాకాలంలో ఒక ఆదివారం ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"అమ్మా, ఎంతసేపే?"

ఆమె నావైపు చూడలేదు. కొంగుతో ఆ చెంప తుడిచి, పాప ముఖాన్ని అటు తిప్పి, ఎడమ చెంపమీద చుక్క పెట్టింది.

"ఇయ్యాల ఇటెందుకు పెట్టినవ్?"

"ఇటు గూడ మంచిగుంటది బిడ్డా."

మర్నాడు పొద్దున్నే ముగ్గురం మళ్లీ హైదరాబాద్ బండి ఎక్కాం. ఎడమ చెంపమీద చుక్క ఇంకా చెరగలేదు.