నిలబడిన ఇటుకల బాట

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే మా బాపు కాలుగాలిన పిల్లి అయ్యేవాడు. వారమంతా కార్ఖానాలో మిషను ముందు నిలబడే మనిషి, సెలవు రోజన్నా కూర్చోడు. పొద్దున్నే సైకిలు తుడిచి, ముందు డండాకు తువ్వాల చుట్టేవాడు. దాని మీద కూర్చోవలసింది నేను.

"ఈ ఒక్కనాడన్న ఇంట్ల కూసోరాదు... ఇటుకలు ఏడికి పోతయి?" అనేది అమ్మ.

"పోతనే ఉన్నయి గదా," అనేవాడు బాపు, సైకిలు ఛత్రినాక గల్లీలోకి దించుతూ.

మేము వెతికేది ఒక పాత బాట. మా తాత, అంటే బాపు వాళ్ళ నాయిన, ఎద్దుల బండి తోలేవాడట. హుస్సేనీ ఆలం నుంచి పురానాపూల్ దాటి, కార్వాన్ మీదుగా గోల్కొండ దాకా ఇటుకలు పరిచిన బాట ఉండేదని, తన బండి దాని మీదే నడిచిందని చెప్పేవాడట. బాపు పసివాడుగా ఉండగానే ఆయన పోయాడు. ఫొటో లేదు, బండి లేదు... మిగిలింది ఆ మాట ఒక్కటే.

దాన్ని కూడా పెద్దబాపు నవ్వులపాలు చేసేవాడు. "నాయిన కల్లు దాగి చెప్పిన ముచ్చట పట్టుకొని తిరుగుతున్నవేందిరా" అని. బాపు అన్నకు ఎదురు చెప్పేవాడు కాదు. పెడలు మాత్రం ఇంకొంచెం గట్టిగా తొక్కేవాడు.

హుస్సేనీ ఆలంలో ఒక గల్లీ చివర, మురికి మోరీ పక్కన ఆ బాటది మంచమంత ముక్క దొరికింది. పురానాపూల్ అవతల, కట్టెల దుకాణం వెనక, అంతకంటే కొంచెం పొడుగుది... బాపు గొంతుకూర్చుని, వేలితో మట్టి గీకి చూపించాడు.

"పడుకోలే చూడు బిడ్డా, నిలబడ్డయి. పడుకున్న ఇటుక బండి చక్రం కింద పలుగుతది. అందుకే పక్కకు నిలబెట్టి పరిచిన్రు. నాయిన గిట్లనే చెప్పిండట."

ఇక అదే మాకు గుర్తు. నిలబడిన ఇటుకైతే బాట... పడుకున్నదైతే ఎవరింటి అరుగో అనుకుని ముందుకు పోయేవాళ్ళం.

కానీ కార్వాన్‌లో ఎంత తిరిగినా అంతా తారు రోడ్డే. మధ్య ముక్క దొరకకపోతే పెద్దబాపు ఒప్పుకోడు. చివరికి ఒక పంక్చర్ల దుకాణం భాయ్ చెప్పాడు, ఫలానా పాత ఇంటి వాకిట్లో ఎర్ర ఇటుకలు ఉన్నాయని. వెళ్ళి చూస్తే ఎత్తు గోడ, తలుపుకు గోనె పరదా. పరదా పాటించే ఇల్లు... పరాయి మగవాళ్ళు లోపలికి పోకూడదు. ఎన్నో ఆదివారాలు బాపు ఆ గోడ చుట్టూ తిరిగి వచ్చేశాడు.

ఒకరోజు ఉండబట్టలేక సైకిలు ఆపి నన్ను దించాడు.

"నువ్వు ఆడపిల్లవు, నిన్ను రానిస్తరు. తాగెతందుకు నీళ్ళడుగు... కిందికి చూడు."

పరదా ఎత్తి లోపలికి వెళ్ళాను. ఆ ఇంటి పెద్దమ్మ, ఖాలా, పీట మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. "క్యా హోనా బేటీ?" అంది, ఏం కావాలని. నీళ్ళ సంగతి మరిచిపోయి కిందికి చూశాను. వాకిలంతా చాపలే.

"ఏమున్నయే?" గోడ అవతలి నుంచి బాపు గొంతు.

"మిరపకాయలు," అని అరిచాను.

ఖాలా నవ్వు ఆపుకోలేకపోయింది. మళ్ళీ అడిగి, నేను వచ్చీరాని ఉర్దూలో చెప్పింది విని, తానే లేచి చాప అంచు పట్టి లాగింది. కింద ఎర్రగా, నున్నగా అరిగిపోయిన ఇటుకలు...

"పడుకున్నయా, నిలబడ్డయా?" ఈసారి బాపు గొంతు గోడకు ఇంకా దగ్గరగా వినిపించింది.

మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమాను. "నిలబడ్డయి బాపూ. బండి చక్రాల గాడులు గూడ రెండున్నయి... ఈ గోడ కింద నుంచి వచ్చి ఆ గోడ కిందికి పోయినయి."



"ఏక్ ఈంట్ నికాల్ కే దేవూఁ క్యా?" అని, ఒక ఇటుక తీసి ఇమ్మంటావా అన్నట్టు, ఖాలా గోడ అవతలికి వినపడేటట్టు అడిగింది. "నక్కో అమ్మా, నక్కో," అని వెంటనే వద్దన్నాడు బాపు. ఒకటి తీస్తే పక్కవన్నీ కదులుతాయని ఆయన భయం.

బయటికి వస్తే నా మోకాళ్ళకు అంటిన ఎర్ర దుమ్ము చూశాడు. దులపనివ్వలేదు. సైకిలు నేరుగా పెద్దబాపు ఇంటికి పోనిచ్చి, నన్ను ముందు నిలబెట్టి "చెప్పు" అన్నాడు. గాడులతో సహా చెప్పాను.

పెద్దబాపు చాలాసేపు నా మోకాళ్ళనే చూశాడు. "అయితే నాయిన తాగి చెప్పలే," అన్నాడు మెల్లగా. ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ ఒకే మంచం మీద కూర్చున్నారు... బాపు ఆదివారం పూట కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

కొన్నేళ్ళకు ఖాలా వాళ్ళు ఇల్లు అమ్మేశారు. గోడ కూలగొట్టారని తెలిసి బాపు చాయ్ కూడా తాగకుండా పరుగెత్తాడు. ఇప్పుడు ఎవరైనా లోపలికి పోవచ్చు... లోపల అప్పటికే సిమెంటు పోసేశారు. ఇన్నాళ్ళూ బాపును ఆపిన గోడే ఆ బాటను కాపాడింది.

ఇంటికొచ్చి ఒకటే అడిగాడు. "బిడ్డా... నిలబడ్డయే గదా?"

"నిలబడ్డయి బాపూ."

ఆ వాకిట్లోవి ఆయన చూడలేదు. మా వాళ్ళలో వాటిని చూసిన కళ్ళు నావే. ఇప్పటికీ కార్వాన్ వైపు ఎక్కడన్నా పైపుల కోసం రోడ్డు తవ్వుతుంటే ఆటో ఆపించి దిగుతాను, డ్రైవరు విసుక్కుంటాడు... మీరు ఎప్పుడైనా అటు వెళితే, తవ్విన చోట ఒక్కసారి కిందికి చూడండి. ఇటుక నిలబడి కనిపిస్తే నాకు చెప్పండి.