బచేలి దారిలో ఒక సైకిలు సీటు

ఉదయం ఏడు కాకముందే విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. నా గేరు సైకిలును లగేజీ పెట్టెలో వేయించాను. యాభై రెండేళ్ళ ఆడమనిషివి, మందుల షాపు చూసుకోక ఈ కొండసైకిలేమిటని ఇంట్లో ఆటపట్టించారు. ఇనుప ఖనిజం తవ్వే కొండల చుట్టూ నాలుగు రోజులు తొక్కి తీరాలని నా పంతం. సొరంగాలు దాటుతుండగా ఎదుటి సీటులోని గని కార్మికుడు ఒక్కటే జాగ్రత్త చెప్పాడు: ఖనిజం లారీ వస్తే కాళ్ళు కింద పెట్టి పక్కకు తప్పుకోవాలట.

రాత్రి ఆ కొండల కిందనున్న బచేలిలో దిగి, లాడ్జిలో అన్నం, పప్పు తిని పడుకున్నాను. మర్నాడు ఆరున్నరకు గీదం వైపు బయలుదేరాను. రోడ్డు, ఆకులు, కాలువ నీళ్ళు అన్నీ ఒకే ఎరుపు. ఎనిమిది దాటాక ఒక టీ హోటలు దగ్గర ఆగాను.

బెంచీలు ఖాళీగా ఉన్నా ఒకావిడ నిలబడే టీ తాగుతోంది. పక్కన పాత గేరు సైకిలు, క్యారియరుకు మందుల పెట్టె. నా సామాను మీద తెలుగు అక్షరాలు చూసి తనే పలకరించింది. పేరు ముత్తమ్మ. పుట్టిల్లు తెలుగు సరిహద్దులోని కోంటా వైపు. మలేరియా పరీక్షకు రక్తం తీయడానికి రోజూ ఆరు ఊళ్ళు తిరిగే నర్సు. కూర్చోమన్నాను.

"ఎనిమిదేండ్ల సంది నిలబడే తాగుతున్న అక్కా. కూసుంటే పాణం పోతది," అంది, వాన రాలేదన్నంత మామూలుగా.

మందులమ్మే దాన్నని చెప్పాక హోటలు వెనక్కి తీసుకెళ్ళి మెల్లగా అంతా చెప్పింది. సైకిలు సీటు ఒరుసుకునే చోట పుండ్లు, రక్తం, సగం రోజు స్పర్శ తెలియకపోవడం. డాక్టరు మగవాడు, సైకిలు మెకానిక్కు మగవాడు, ఎవరికని చెప్పాలి? ఇక తన వల్ల కాదని రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకుంది. ఆ సాయంత్రమే ఇచ్చేస్తానంది. వేరే పని లేదు. ఆ ఊళ్ళకు వెళ్ళే మరో మనిషీ లేదు. షాపులో ముప్ఫై ఏళ్ళుగా ఎన్నో బాధలు విన్న నేను, ముందు సైకిలు చూపించమన్నాను.

చూడగానే దిమ్మెరపోయాను. ఎవరో ఇంజనీరు వాడి వదిలేసిన ఆ బండికి అరచేయంత వెడల్పు కూడా లేని మగవాళ్ళ సీటు. దాని ముక్కు పైకి లేచి ఉంది. పైన నాలుగు మడతల చీర కట్టి ఉంది. మెత్తగా ఉంటే నొప్పి తగ్గుతుందనుకుంది కానీ, ఆ మెత్తదనమంతా మధ్యకు పొంగి తగలకూడని చోటే తగులుతోంది. పైగా సీటు బాగా కిందికి దించేసి ఉంది. మోకాళ్ళు మడిచి తొక్కితే కాళ్ళు బరువు మోయవు, ఒళ్ళంతా సీటు మీదే పడుతుంది. ఎందుకంత కిందికి అని అడిగాను. లారీ వస్తే రెండు కాళ్ళూ నేలకు అందాలి కదా అంది. హోటలు ముందున్న సైకిళ్ళన్నీ అలాగే ఉన్నాయి.

తొమ్మిదింటికి పక్కనే ఉన్న ఆమె ఇంటికి వెళ్ళాం. అత్తగారు అరుగును అప్పుడే ఎర్రమట్టితో అలుకుతోంది. నేను సీటు కొన్నప్పుడు కొలత కోసం దుకాణంలో అట్టముక్క మీద కూర్చోబెట్టారు. ఇక్కడ పచ్చి అరుగే ఉంది. అత్తగారు నవ్వుతూ తిడుతుంటే ముత్తమ్మ దాని మీద కూర్చుని లేచింది. పిరుదు ఎముకలు దిగిన చోట రెండు గుంటలు పడ్డాయి. ఆమె సైకిలు సీటు ఊడదీసి తెచ్చి వాటి మీద ఆనించాను. రెండు గుంటలూ సీటుకు అటూ ఇటూ బయటే ఉన్నాయి. ఎనిమిదేళ్ళూ ఆమె ఎముకల మీద కాదు, ఒట్టి కండ మీద కూర్చుంది.

నా సీటు ఆనిస్తే సరిగ్గా సరిపోయింది. స్పానరు తీసి రెండు సీట్లూ మార్చాను. ముక్కు నేలకు సమంగా దించి, మడమ పెడలు మీద పెడితే మోకాలు చాచుకునేంత ఎత్తుకు లేపాను. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు జారి కాలు పెట్టడం ఇంటి ముందు పదిసార్లు చేయించాను. ముత్తమ్మ వీధి చివరిదాకా తొక్కి వచ్చి, సైకిలు గోడకు ఆనించి సీటును అరచేత్తో తడిమి చూసింది.

"ఇన్నేండ్లు నా ఒంట్లనే ఏందో లోపమనుకున్న అక్కా," అంది. రాజీనామా కాగితం తీసి పొయ్యిలో వేసి, పెట్టె కట్టుకుని ఊళ్ళ మీదికి వెళ్ళిపోయింది.

పదిన్నరకు ఆమె సీటు మీద నేను బయలుదేరాను. నాకు కొలత తెలుసు, ఎత్తు తెలుసు, నాకేమవుతుందన్న ధీమా. ఐదో కిలోమీటరుకు మంట మొదలైంది. తొమ్మిదో కిలోమీటరుకు మంట తగ్గితే సంతోషించాను. అది తగ్గడం కాదు, స్పర్శ పోవడమని కాసేపటికి తెలిసింది.

పన్నెండో కిలోమీటరు దగ్గర చెయ్యెత్తి జగదల్‌పూర్ బస్సు ఆపి, సైకిలు పైకెక్కించాను. మర్నాటి రైల్లో ఇంటికి వచ్చేశాను. కొండలెలా ఉన్నాయని అందరూ అడుగుతున్నారు. కొండలు నేను సరిగా చూడనే లేదు. నేను గంటన్నర కూడా భరించలేక దిగిపోయిన ఆ సీటు మీదికి, ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే మళ్ళీ ఎక్కగలిగిన మనిషిని మాత్రం చూశాను.