మాచర్ల నుంచి మూలకణాల ల్యాబ్ దాకా: నా మూడో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ

నా పరిశోధన ఫెలోషిప్‌కు రెండు నెలలే గడువు మిగిలింది. ఆలోగా ఏదో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీకి చేరకపోతే అది రద్దయిపోతుంది. అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడోది హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో, మూలకణాల ల్యాబ్‌కు. ఈసారి బాగా సిద్ధమయ్యాను, సీటు తెచ్చుకుంటానన్న నమ్మకంతోనే బయల్దేరాను.

ఉదయం ఆరింటి బస్సుకు మా వీధి కరీం మామ తన ఆటోలో మాచర్ల బస్టాండుకు తీసుకెళ్లాడు.

"ఏందమ్మాయ్, చానా చదివావు గదా, ఇంకా ఏం చదువుతావు?" అన్నాడు.

"ఒంట్లో కొత్త కణాలను పుట్టించే కణాలుంటాయి మామా. వాటి మీద పని చేస్తా."

"అయితే తొందరగా కానీయ్. నా మోకాలు ఎక్కువ రోజులు ఆగేట్టు లేదు!"

రాష్ట్రం దాటే బస్సు కాబట్టి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉండదు, టికెట్ కొనాల్సిందే. సాగర్ మీదుగా నాలుగున్నర గంటల దారి. పదిన్నరకు ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో మియాపూర్, అక్కణ్ణుంచి ఆటోలో సంస్థకు చేరేసరికి పన్నెండు దాటింది.

రెండింటికి లోపలికి పిలిచారు. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు చిన్న చేపల మీద. తోక కొస కత్తిరిస్తే కొన్నాళ్లకు వాటికి మళ్లీ మొలుస్తుంది. మూలకణాల ల్యాబ్ మేడం నా రిపోర్టు తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగారు.

"ఈ తొట్టిలో సగం చేపలకు తోక మొలవలేదు. ఎందుకు?"

"తెలియదు మేడం. నీళ్ల వేడి తేడా అనుకున్నాను, కొలిచి చూస్తే అది కాదు."

"మరి రిపోర్టులో ఎందుకు పెట్టావు?"

"జరిగింది కదా మేడం."

ఆమె పక్కనున్న సార్ వైపు చూశారు. తన ల్యాబ్‌లోని ఒక్క సీటూ పొద్దున్నే వేరొకరికి ఇచ్చేశామని, మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్ నడిపే ఆ సార్ దగ్గర చేరతావా అని అడిగారు. అరగంట సమయం అడిగి బయటికొచ్చాను.

క్యాంటీన్‌లో వంటామె నా ముఖం చూసి, "ఏమైంది బిడ్డా? మొదలు తిను, ఆనక ఆలోచించు" అంటూ పెరుగన్నం పెట్టింది. ఆ సార్ దగ్గర ఎవరు పీహెచ్‌డీ చేస్తున్నారని అడిగితే, పక్క బల్ల దగ్గరున్న అమ్మాయిని చూపించింది. ఆమెది మూడో ఏడాది. పేరు శిరీష.

"ప్రయోగం చెడిపోతే సార్ ఏమంటారు?" అని అడిగాను.

"తిట్టరు. నోట్‌బుక్ తెమ్మంటారు. పక్కన కూర్చుని ఏ రోజు ఏం చేశామో చూస్తారు. నాకు ఆరు నెలలు ఏదీ సరిగ్గా రాలేదు, అప్పుడూ అంతే."

లేచి తిన్నగా లోపలికెళ్లాను. "చేరతాను సార్. కానీ ప్రతివారం మేడం ల్యాబ్ మీటింగులో కూర్చోనివ్వాలి" అన్నాను. ఇద్దరూ నవ్వి సరేనన్నారు.

ఇప్పుడు ఆ ల్యాబ్‌లో నాకు ఏడో నెల. మూలకణం ఎప్పుడు ఏ కణంగా మారాలో నిర్ణయించే జన్యువులతోనే నా పని. నేను కోరుకున్న ప్రశ్న దగ్గరికి వేరే తలుపులోంచి వచ్చానంతే. ఆ అరగంట అడగకుండా తిరుగు బస్సు ఎక్కేసి ఉంటే ఈ పని నాకు దక్కేది కాదు.

ఇలాంటి ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: రెండు గంటలు ముందే చేరుకోండి. గైడ్‌ను కలిసేలోపు ఆ ల్యాబ్ విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడండి.