ఠాణాలో ఆయన చెప్పిన నంబరు

మా తోడికోడలంటే నాకు ఈర్ష్య. ఇన్నేళ్లూ ఎవరి ముందూ ఒప్పుకోలేదు గాని, రాసుకునేటప్పుడు దాచి ఏం లాభం? నేను పెద్దకోడలిని, ఆమె మా మరిది భార్య. నల్లగొండకు గంట దూరంలో ఉన్న మా ఊళ్లో మాది నేతపని ఇల్లు. మగవాళ్లు మగ్గం నేస్తారు, ఆడవాళ్లం ఆసు పోస్తాం. ఆసు పోయడమంటే చీరకు డిజైను కట్టే ముందు నూలును మేకుల చుట్టూ వేలసార్లు తిప్పడం. రోజంతా చెయ్యి ఆడుతూనే ఉండాలి. జడ్చర్ల నుంచి వచ్చిన ఆమెకు అది చేతకాలేదు. మొదటి నెలలోనే నూలంతా చిక్కుపడేసింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఆ సంతోషం ఎక్కువ రోజులు దక్కలేదు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, చట్టం గురించి ఊరివాళ్లకు చెప్పడానికి కోర్టువాళ్లు ఊరికొకరికి శిక్షణ ఇస్తామంటే ఈమె పోయి నేర్చుకొని వచ్చింది. మెడలో ఒక కార్డు కూడా వేసుకొచ్చింది. అప్పటి నుంచి ప్రతి గురువారం చేనేత సంఘం హాలులో ఆమె మీటింగు. మగవాళ్లు కూడా మగ్గం దిగి పోయేవారు. మా ఆయనైతే ఒక్కటీ మానేవాడు కాదు. "చిన్నామె మస్తు చెప్తాంది" అని ఇంటికొచ్చి మరీ మెచ్చుకునేవాడు. ఇరవై ఏళ్లుగా ఆసు పోస్తున్న నన్ను ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఒకటి రెండుసార్లు నేనూ పోయాను, తప్పులు పట్టడానికి. చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకొని వెనుక కూర్చున్నాను. "పోలీసోళ్లు తోల్కపోతే ఎందుకు తోల్కపోతున్నరో చెప్పాలె. మనం చెప్పిన ఒక మనిషికి కబురు జెయ్యాలె. వకీలుతోని మాట్లాడనియ్యాలె. ఇరవై నాలుగు గంటల్ల జడ్జి ముంగట నిలవెట్టాలె. సదువకుండ ఏ కాయిదం మీద దస్కత్ పెట్టొద్దు" అని వేళ్లు మడుస్తూ చెబుతోంది. ఆమె మాటల్లో తప్పులేమీ దొరకలేదు. కాయల్లో మాత్రం రెండు పురుగులు దొరికాయి.

పోయిన ఏడాది ఎండాకాలంలో మురుగు మోరీ నీళ్ల విషయంలో మా ఆయనకూ పక్కింటాయనకూ జగడమైంది. తోపులాటలో పక్కింటాయన పడి చెయ్యి విరిగింది, కేసు పెట్టాడు. మూడో రోజు పొద్దున మా ఆయన రంగులు కొనడానికి నల్లగొండ బయలుదేరాడు. అలా పోతే సాయంత్రానికి గాని రాడు కాబట్టి నేనేమీ ఫికరు చేయలేదు. నాలుగు దాటాక మా తోడికోడలు పరుగున వచ్చింది.

"అక్కా, బావను ఠాణాకు తీస్కపోయిన్రట. పొద్దుగాల తొమ్మిదింటికే బస్టాండుల పట్టుకున్నరట. ఇప్పుడే ఠాణా నుంచి నాకు ఫోన్ చేసిన్రు."

"నీకా?" అన్నాను.

భర్తను పోలీసులు పట్టుకుపోయారని వింటే మొదట అనవలసిన మాట అది కాదని నాకూ తెలుసు. నోటి నుంచి అదే వచ్చింది.

"బావ నా నంబరు చెప్పిండట. జర ఆగు, వకీలుకు ఫోన్ చేసి వస్త, ఇద్దరం పోదాం" అందామె.

నేను ఆగుతానా? కడుపు మండిపోతోంది. మా ఇంట్లో కొత్త పడుగు మగ్గానికెక్కిస్తే మొదట పసుపు కుంకుమ పెట్టేది పెద్దకోడలు. ఆ చెయ్యి తగిలాకే చిన్నకోడలు ముట్టాలి. అది మా అత్త పెట్టిన పద్ధతి. ఆయన బీపీ గోళీలు కొంగున ముడేసుకొని ఒక్కదాన్నే ఆటో ఎక్కాను.

ఠాణాలో ఆయన గోడవార నేల మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, నా వెనుక ఇంకెవరైనా వస్తున్నారా అని తొంగిచూశాడు. ఒళ్లు మండింది. రాసే కానిస్టేబులు ఒక కాగితం నా ముందుకు తోశాడు. "అరెస్టు కాయిదం ఇది, ఇంటోళ్లు ఒకరు సాక్షిగ పెట్టాలె. ఏలిముద్రానా?" అన్నాడు.

"పది సదివిన. దస్కతే పెడ్త" అన్నాను.

గుండ్రంగా, ఇంటిపేరుతో సహా పెట్టాను. ఆమె వచ్చేలోపు నా చేతి మీదుగా పని అయిపోవాలన్నదే నా ఆరాటం. పది చదివిన నేను ఆ కాగితంలో ఒక్క ముక్కా చదవలేదు.

పావుగంటకు ఆమె వచ్చింది. నకలు అడిగి తీసుకుంది. చదువుతుంటే ముఖం మారింది.

"అక్కా, పట్టుకున్న టైము సాయంత్రం నాలుగని రాసిన్రు. ఏడు గంటలు మింగిన్రు. చూసే పెట్టినవా?"

"చూసిన" అన్నాను.

అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది. నకలు మడిచి సంచిలో పెట్టుకుంది. నాలుగు మాటలంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక గాని ఆయన్ను కోర్టుకు తేలేదు. పొద్దున తొమ్మిదికే ఇరవై నాలుగు గంటలు నిండాయి. కాగితం ప్రకారం ఇంకా నిండలేదు. మాకు ఉచితంగా ఇచ్చిన వకీలమ్మ కాగితం చూసి, "ఇదే నిలబడితే గడువు దాటలేదంటరు. పద్నాలుగు రోజులు జైలుకు పంపినా పంపొచ్చు. మీరు సదివి పెట్టిన్రా?" అని నన్నడిగింది. మా తోడికోడలు కిటికీ వైపు తిరిగి నిలబడింది. నా పరువు కోసమే తిరిగిందని అర్థమైంది. ఆ మంచితనం కూడా నాకు గిట్టలేదు. వకీలమ్మను దాటుకొని లోపలికి నడిచాను.

లోపల జడ్జిగారు ఎప్పుడు పట్టుకున్నారని అడిగితే మా ఆయన "పొద్దుగాల తొమ్మిదింటికి సార్" అన్నాడు. పోలీసాయన నా దస్కత్ చూపించాడు. మా ఆయన రెండు చేతులూ కట్టుకొని, తల వంచుకొని నిలబడ్డాడు. మగ్గం తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. నేను లేచాను.

"సార్, నేను సదువకుండ పెట్టిన. మా తోడికోడలు రాకముందే పెట్టాలని తొందరపడ్డ."

వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు, నేను చెప్పింది రాయించారు. ఇంత చిన్న కేసుకు, పట్టుకునే ముందు నోటీసు ఎందుకివ్వలేదని పోలీసులను అడిగారు. సాయంత్రానికి బెయిలు వచ్చింది.

బయటికి రాగానే ఆయన మొదట మా తోడికోడలికి దండం పెట్టాడు. ఆ తరువాతే నా చేతిలోని మంచినీళ్లు తాగాడు. బస్సులో పక్కన కూర్చున్నాక ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"కట్టుకున్నదాని నంబరు చెప్పబుద్ధి కాలేదా?"

"ఫోన్ గుంజుకున్నరు. చిన్నామె తన నంబరు మీటింగుల అందరితోని పదిసార్లు అనిపిచ్చింది. అదే నోటికొచ్చింది. నీది నాకు రాదు."

"ఇరవై ఏండ్లాయె, నా నంబరు రాదా?"

"నీకు ఎన్నడు ఫోన్ చేసిన? తలకాయ ఎత్తితే ఎదురుంగనే ఉంటవ్ గద."



మర్నాటి నుంచి మగ్గం దగ్గరే ఆయనతో నా నంబరు వల్లె వేయిస్తున్నాను. ఏడాదైంది. ఇప్పటికీ ఆరో అంకె దగ్గర ఆగి నా ముఖం చూస్తాడు. ఆమెదైతే గడగడా చెబుతాడు. నాకు ఇంకా మంటే. కాని రేపు పోలీసులు నన్నే పట్టుకుపోయి ఎవరికి చెప్పాలని అడిగితే, నేను చెప్పేదీ ఆమె నంబరే.