మామ పాన్, నా జీపీఎస్

ఎవరో గుట్టల్లో దాచిన డబ్బాను జీపీఎస్ పట్టుకుని వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి రావడం ఒక ఆట. కొత్తగా చేతి జీపీఎస్ యంత్రం కొన్న ఉత్సాహంలో ఓ ఆదివారం మెదక్ బయటి గుట్టలకు బయల్దేరాను. మా మేనమామ పాన్ నములుతూ స్కూటరెక్కాడు.

గుట్టల కింద స్కూటరాపి, నిజమైన ఆటగాడికి ఫోన్‌తో పనిలేదని మా ఫోన్లు, బరువెందుకని టిఫిన్ సంచీ డిక్కీలోనే పెట్టించాను. నడిచే దారిలో మలుపు మలుపుకీ మామ ఉమ్ముతుంటే శుభ్రతపై చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

డబ్బా దొరికింది. పేర్లు రాశాం. తిరుగుదారి కోసం "ఇల్లు" నొక్కితే ఎనభై కిలోమీటర్లని చూపించింది. హైదరాబాద్‌లో కొన్న రోజు, నేర్చుకుంటూ ఆ దుకాణాన్నే ఇల్లుగా గుర్తుపెట్టానన్నమాట. స్కూటరున్న చోటు గుర్తుపెట్టనేలేదు.

"గిదేంది అల్లుడా, హైదరాబాద్ దాంక నడిపిస్తవా?" అని నవ్విన మామ, కాసేపటికే చెమటలు పట్టి బండమీద కూలబడ్డాడు. షుగర్ మనిషి. తిండేమో డిక్కీలో. నేను జీపీఎస్ మీటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నొక్కసాగాను.

"పరేషాన్ గాకు. జర కింద చూడు, ఎర్రగ కనవడ్తలేదా? గదే మన తొవ్వ."

పాన్ మరకలను ఒక్కొక్కటే వెతుక్కుంటూ, ఆయన్ని పట్టుకుని నడిపించాను. స్కూటరు దగ్గర బెల్లం లడ్డు తిని తేరుకున్నాక, "ఇంకో డబ్బా ఏడున్నదో చూడు" అన్నాడు.

ఇప్పుడు బయల్దేరేముందు బ్యాటరీలతోపాటు పాన్లూ చూసుకుంటాను. ఉమ్మొద్దని ఇప్పటికీ చెబుతాను, కాస్త మెల్లగా.